మేస్త్రీగారూ... మీరెక్కడ?

కుళాయి కారుతుంది. గోడ చెమ్మగిలుతుంది. స్విచ్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఇల్లన్నాక ఇవన్నీ మామూలే. మామూలు కానిదల్లా వాటిని బాగుచేసే మనిషి సమయానికి దొరకడమే! దొరికినా పని తెలిసినవాడో కాదో తేల్చుకునేదెలా? డబ్బు ఎప్పుడు, ఎంత ఇవ్వాలి? చిన్న రిపేరు నుంచి ఇంటికి కొత్త రూపు తెచ్చే పనుల దాకా... పనివాళ్లను వెతుక్కునే ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతులివి.

'బయల్దేరానండీ, పది నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటా' అంటాడు ప్లంబరు. ఆ పది నిమిషాలు గంటవుతాయి. గంట కాస్తా పూటవుతుంది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తే స్విచాఫ్! ఈలోగా సెకనుకో చుక్క చొప్పున కారే కుళాయి రోజుకి 86,400 చుక్కల నీటిని నేలపాలు చేస్తూనే ఉంటుంది. ఆఖరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఎవరినో పట్టుకొస్తాడు. వచ్చినతను ఓ గంట తంటాలుపడి, చేతికందినంత తీసుకుని వెళ్లిపోతాడు. వారం తిరక్కుండానే కుళాయి మళ్లీ మొదలు.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టుకోవడం కూడా కష్టమేనని వాళ్లకి అనిపించి ఉండదు. ఎందుకంటే ఊళ్లో నాగలి విరిగినా, తలుపు కుంగినా వడ్రంగి వచ్చి చూసేవాడు. పంట చేతికొచ్చాక కళ్లంలోనే ఆయన వాటా గింజలు కొలిచేవారు. పని చెడగొడితే వడ్రంగికి ఊళ్లో మాట పోయేది. గింజలు ఎగ్గొడితే ఆసామీకీ అంతే. ఇద్దరికీ ఆ భయం ఉండేది. పట్నంలో ఎవరికి ఎవరూ తెలియదు కాబట్టి ఆ భయమూ లేదు, ఆ భరోసా లేదు. దాన్ని మనమే తయారుచేసుకోవాలి. పనేమిటో ముందుగా తెలుసుకోవడం, ఒప్పందాన్ని కాగితం మీద పెట్టడం, చెప్పిన రోజున చెప్పినంత డబ్బివ్వడం... ఈ మూడూ ఉంటే పనివాణ్ని వెతకడం సగం తేలికవుతుంది.

జబ్బేదో తెలిస్తేనే మందు

గోడ మీద రంగు ఉబ్బి పెచ్చులు ఊడుతుంటే చాలా ఇళ్లలో మొదట పిలిచేది పెయింటర్నే. అతను గీకి, పుట్టీ పెట్టి, రెండు కోటింగులు వేసి వెళతాడు. ఏడాది తిరిగేసరికి అదే గోడ, అదే మచ్చ! తప్పు పెయింటర్ది కాదు. నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండా రంగు వేయించినవాళ్లది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కొంతవరకు మనమే కనిపెట్టొచ్చు. వాన పడ్డాకే సీలింగు మీద మచ్చ పెద్దదవుతుంటే స్లాబునో, పిట్టగోడ స్లాబును కలిసేచోటునో అనుమానించాలి. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా తడిగా ఉండి, గోడకి అవతల బాత్రూమ్ ఉంటే అక్కడి పైపులు, టైల్స్ సందులు, నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చూడాలి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే చెమ్మ ఉండి, గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తుంటే నీరు పునాది నుంచి పైకి ఎగబాకుతోందని లెక్క. పైపు లీకని అనుమానం ఉంటే ఓ చిన్న పరీక్ష. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకె రాసిపెట్టుకోవాలి. తెల్లారి ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడాలి. అంకె మారిందంటే నీళ్లు ఎక్కడో పోతున్నట్టే. మీటరు లేనివాళ్లు మోటారు ఆపేసి ట్యాంకులో నీటి మట్టం గుర్తుపెట్టుకున్నా చాలు.

ఈ వివరాలతో, తేదీలు వేసిన నాలుగు ఫొటోలతో మాట్లాడితే మేస్త్రీ కూడా ఆచితూచి మాట్లాడతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు కదా.

ఎక్కడ దొరుకుతారు?

అందరికన్నా ముందు అడగాల్సింది పక్కింటివాళ్లని. అదీ ఈమధ్యే పని చేయించుకున్నవాళ్లని కాదు... రెండు మూడేళ్ల కిందట చేయించుకున్నవాళ్లని. నిన్న వేసిన రంగు ఎవరు వేసినా మెరుస్తుంది. రెండు వానాకాలాలు చూసిన రంగే సాక్ష్యం. 'బాగా చేశాడా?' అని ఊరుకోకుండా 'చెప్పిన రోజుకి వచ్చాడా? మధ్యలో రేటు పెంచాడా? తర్వాత ఏదైనా తేడా వస్తే పిలిస్తే వచ్చాడా?' అని మూడు ప్రశ్నలు వేయాలి. మూడో ప్రశ్నకి అవునంటే ఆ నంబరు రాసుకోవచ్చు.

తర్వాత చోటు వీధి చివరి హార్డ్‌వేర్ షాపు. ఏ ప్లంబరు ఎలాంటి సరుకు కొంటాడో, ఎవరు అప్పు పెట్టి తిరిగి రారో షాపాయనకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కానీ ఒక్క మాట. సామాను కొనిపించిన పనివాడికి కమీషన్ ఇచ్చే షాపులూ ఉన్నాయి. కాబట్టి ఏం కావాలో రాయించుకుని సామాను మనమే కొనడం, లేదా బిల్లు మన పేరు మీద తీసుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, కేపీహెచ్‌బీ, ఉప్పల్ లాంటి చోట్ల పొద్దున్నే అడ్డాలు కనిపిస్తాయి. తాపీలు, బ్రష్షులు, పారలు పట్టుకుని కూలి కోసం ఎదురుచూసే జనం. పాలమూరు నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు వీళ్లలో ఎందరో. పాత గోడ కొట్టడం, మట్టి ఎత్తడం, ఇసుక పైకి చేర్చడం లాంటి రోజు పనులకి అడ్డా సరైన చోటు. తాపీ పని బాగా తెలిసినవాళ్లూ అక్కడ ఉంటారు. కాకపోతే రేపు మళ్లీ ఆ మనిషిని వెతకాలంటే కష్టం. అందుకని వాటర్‌ప్రూఫింగ్ లాంటి, తర్వాత జవాబు చెప్పుకోవాల్సిన పనులకి చిరునామా తెలిసిన మేస్త్రీనే చూసుకోవాలి.

ఇక ఫోన్‌లోని యాప్‌లు. 2014లో 'అర్బన్‌క్లాప్'గా మొదలై 2020లో పేరు మార్చుకున్న అర్బన్ కంపెనీ లాంటివి నగరాల్లో ప్లంబర్లనీ, ఎలక్ట్రీషియన్లనీ, వడ్రంగులనీ ఇంటికి పంపిస్తున్నాయి. ఫ్యాను బిగించడం, కుళాయి మార్చడం, ఏసీ శుభ్రం చేయించడం వంటి కొలత తెలిసిన పనులకి ఇవి సుఖం. రేటు ముందే తెలుస్తుంది. అయితే వచ్చినతను 'యాప్‌లో రద్దు చేయండి, నేరుగా ఇస్తే తగ్గిస్తా' అంటే ఒప్పుకోవద్దు. తర్వాత తేడా వస్తే కంపెనీకి సంబంధం ఉండదు.

గూగుల్‌లో కనిపించిన ప్రతి నంబరూ నిజమైనది కాదన్నది మరో సంగతి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కంపెనీల పేరుతో నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి డబ్బు కాజేసేవాళ్లున్నారు. 'ఈ యాప్ దించుకోండి, పది రూపాయలు పంపండి' అన్నారంటే ఫోన్ పెట్టేయడమే. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కానీ తీసుకోవడానికి కాదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

శిక్షణ పొందినవాళ్లు కావాలనుకుంటే 'నేర్చుకున్నది ఎక్కడ?' అని అడగడంలో తప్పులేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ప్లంబర్ కోర్సులు చేసినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్... అందరూ 'న్యాక్' అంటారు... తాపీ పని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, పెయింటింగ్ పనుల్లో యువతకి శిక్షణ ఇస్తోంది. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పని గొప్పగా వస్తుందని కాదు కానీ, చూపించమంటే చూపించగలిగిన మనిషి మీద కొంత నమ్మకం కుదురుతుంది.

ప్రశ్నలడిగేవాడే పనిమంతుడు

మంచి మేస్త్రీ గుమ్మంలో నిలబడి రేటు చెప్పడు. లోపల మచ్చ చూపిస్తే డాబా మీదికి వెళతాడు. 'పైన ఎవరుంటారమ్మా? ఈ గోడలో పైపు ఎటు పోతోంది? ఇంతకుముందు ఎవరైనా ఇక్కడ పని చేశారా?' అని అడుగుతాడు. టైల్ మీద తాపీ పిడితో కొట్టి చూస్తాడు. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు పట్టలేదని ఆయనకి అర్థమవుతుంది. అలా చూడకుండానే 'అంతా నేను చూసుకుంటా సార్, మీరు టెన్షన్ పడకండి' అనేవాళ్ల విషయంలోనే కాస్త టెన్షన్ పడాలి!

పెద్ద పనైతే కనీసం ముగ్గురిని పిలిచి చూపించడం మంచిది. అందులో తక్కువ చెప్పిన మనిషికి పని ఇవ్వాలని ఏమీ లేదు. తేడా ఎందుకొచ్చిందో అడగాలి. ఒకరు పాత పెచ్చులు పూర్తిగా కొట్టేసి కొత్త ప్లాస్టరింగ్ చేస్తామంటారు. ఇంకొకరు ఉన్నదాని మీదే పూత పూస్తామంటారు. రేటు సగం తగ్గిందంటే పని కూడా సగమే కావచ్చు.

హాలు పెద్దది చేయడానికి గోడ తీసేద్దామని మేస్త్రీ అన్నా, మనకే అనిపించినా అక్కడ ఆగాలి. పిల్లర్లు, బీములు, స్లాబు జోలికి ఇంజినీరును అడక్కుండా వెళ్లకూడదు. పైపు కోసమో, వైరు కోసమో బీముకి గాడి కొట్టడమూ ప్రమాదమే. అపార్ట్‌మెంటులో మన ఇంటి బీము పైవాళ్ల ఇంటినీ మోస్తోందని మరిచిపోకూడదు.

లెక్క తెలిస్తే లొసుగు ఉండదు

పని మాట్లాడుకోవడంలో మూడు పద్ధతులున్నాయి. రోజు కూలి, లేబర్ కాంట్రాక్టు, సామానుతో కలిపి మొత్తం కాంట్రాక్టు. ఎంత పని ఉందో తేలని చిన్న రిపేర్లకి రోజు కూలి నయం. కొలత తెలిసిన పనికి లేబర్ కాంట్రాక్టు మేలు. దగ్గరుండి చూసుకోలేనివాళ్లు మొత్తం కాంట్రాక్టుకి ఇస్తారు. అలా ఇస్తే ఏ కంపెనీ సరుకు, ఏ రకం అన్నది పేరుతో సహా రాయించుకోవాలి. లేదంటే 'మంచి కంపెనీ సార్' అన్న మాటే మిగులుతుంది.

గొడవలు ఎక్కువగా వచ్చేది కొలతల దగ్గరే. ఉదాహరణకి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదికి రంగు వేయించాలనుకుందాం. నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. సీలింగు 120. మొత్తం 560. అందులో 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పున్న తలుపుకి 21, 4 అడుగుల చదరపు కిటికీకి 16 తీసేస్తే మిగిలేది 523. తలుపులు, కిటికీలు తీసేసి కొలుస్తారా, తీయకుండానా? రేటులో పుట్టీ, ప్రైమర్ కలిపే ఉన్నాయా? ఎన్ని కోటింగులు? బ్రష్ పట్టకముందే ఇవన్నీ తేలాలి.

తెల్లకాగితం మీదైనా సరే పని వివరం, కొలతలు, రేటు, సామాను ఎవరిది, మొదలుపెట్టే రోజు, పూర్తిచేసే రోజు, కొట్టిన మట్టి ఎవరు ఎత్తించాలి, తేడా వస్తే ఎన్నాళ్లలోపు ఉచితంగా సరిచేస్తారు... ఇవి రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే చాలు. చదువురాని మేస్త్రీ అయితే చదివి వినిపించి, వాట్సాప్‌లో మాటల్లోనూ పంపొచ్చు. 'మా మీద నమ్మకం లేదా?' అంటే, 'మీకివ్వాల్సిన డబ్బు కూడా ఇందులోనే రాస్తున్నాం కదా' అని చెప్పాలి. నిజమే, ఆ కాగితం మేస్త్రీకీ రక్షణే.

డబ్బు ఎప్పుడివ్వాలి?

పెద్ద పనుల్లో మధ్యతరగతి ఇళ్లు నష్టపోయేది ఎక్కువగా అడ్వాన్సు దగ్గరే. సగం డబ్బు ముందే చేతిలో పడితే మేస్త్రీ మరో ఇంట్లో పని మొదలుపెడతాడు. ఇక్కడ ఇల్లంతా పీకి పడేసి ఉంటుంది, ఫోన్ ఎత్తరు. అలాగని చివరిదాకా ఏమీ ఇవ్వకపోతే తన వెంట వచ్చిన కూలీలకి సాయంత్రం ఆయన ఏమిస్తాడు?

అందుకే డబ్బు పనికి ఒక్క అడుగు వెనక నడవాలి. లక్ష రూపాయల లేబర్ పని అనుకుంటే ఇలా పంచుకోవచ్చు. మొదలుపెట్టేటప్పుడు 10 వేలు. పాతది కొట్టి శుభ్రం చేశాక 25 వేలు. ప్లాస్టరింగ్ పూర్తయ్యాక 30 వేలు. మిగతా పని అయ్యాక 25 వేలు. చివరి 10 వేలు పరీక్ష చేసి చూశాక. ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి సంతకం తీసుకుంటే, లేదా యూపీఐ ద్వారా పంపితే లెక్కలో తేడా రాదు. మధ్యలో 'దీంతోపాటు అదీ చేసేయండి' అని మనం చెప్పే అదనపు పనులకి కూడా అప్పటికప్పుడే రేటు మాట్లాడి రాసుకోవాలి. ఆఖర్లో తగువు పడేది వీటి గురించే.

దగ్గరుండి చూడాల్సినవి

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. ప్లాస్టరింగ్ చేశాక కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి. మేస్త్రీ రోజూ రాడు కాబట్టి ఆ పని ఇంట్లోవాళ్లదే. టైల్స్ కొనేటప్పుడు విరిగేవి, కోతలో పోయేవి లెక్కేసుకుని 5 నుంచి 10 శాతం ఎక్కువ తీసుకోవాలి. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనో కాదో చూడాలి. లేదంటే ఒకే రంగు రెండు ఛాయల్లో కనిపిస్తుంది.

బాత్రూమ్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయించాక వెంటనే టైల్స్ వేయనివ్వొద్దు. నీళ్లు పోయే దారి మూసేసి ఒకట్రెండు అంగుళాల నీళ్లు నింపి కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఉంచాలి. కింది ఇంటి సీలింగు పొడిగా ఉంటేనే టైల్స్. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల కొత్త టైల్స్ మళ్లీ పగలగొట్టాల్సి వచ్చిన ఇళ్లెన్నో.

కరెంటు పని మాత్రం ఎవరితో పడితే వాళ్లతో చేయించేది కాదు. ఇల్లంతా వైరింగ్ మార్చాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకే ఇవ్వాలి. వైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. మామూలుగా లైట్లు, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్ పాయింట్లకి 2.5, గీజరు, ఏసీలకి 4 వాడతారు. ఏసీకి సన్న వైరు వేస్తే అది వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగాలి. లీకైన కరెంటు ఒంటి గుండా ప్రవహిస్తే రెప్పపాటులో సరఫరా ఆపేసేది అదే. దాని మీద 'టెస్ట్' బటన్ ఉంటుంది. అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. కరెంటు పోయిందంటే పనిచేస్తున్నట్టు.

మాట తప్పితే...

పని చెడిపోయినా, మధ్యలో వదిలేసినా ముందు మాట్లాడుకోవాలి. వినకపోతే ఫొటోలతో, గడువుతో రాతపూర్వకంగా పంపాలి. కాంట్రాక్టరో, కంపెనీయో డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే వినియోగదారుల చట్టం-2019 కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. సలహా కోసం 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు. రోజు కూలికి పెట్టుకుని మనం చెప్పినట్టు చేయించుకున్న పనికి మాత్రం ఈ దారి అంత తేలిక కాదు. బిల్లులు, ఒప్పంద కాగితం, డబ్బు పంపిన రుజువు... ఎక్కడికి వెళ్లినా అడిగేవి ఇవే.

ఏ పనికి ఏ కాలం?

* డాబా వాటర్‌ప్రూఫింగ్, బయటి గోడల పగుళ్లు: మార్చి నుంచి మే వరకు. స్లాబు బాగా ఎండి ఉంటుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక మేస్త్రీ దొరికినా పని నిలవదు.
* రంగులు: వానలు వెనకబట్టాక. కాకపోతే దసరా, దీపావళి, సంక్రాంతికి ముందు పెయింటర్లకి ఊపిరాడదు. పండక్కి నెలన్నర ముందే మాట్లాడుకోవాలి.
* వడ్రంగం, లోపలి మార్పులు: వానాకాలంలో చాలామందికి పని తక్కువ. తీరిగ్గా చేస్తారు. అయితే చెక్క తేమ లేకుండా ఎండిందో లేదో చూసుకోవాలి.
* సంక్రాంతి వారం: ఊళ్లకి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా పెద్ద పనులు పెట్టుకోకపోవడమే మేలు.

వాళ్ల వైపు నుంచీ...

పనివాళ్ల మీద ఇళ్లవాళ్లకి ఎన్ని ఫిర్యాదులున్నాయో, ఇళ్లవాళ్ల మీద వాళ్లకీ అన్ని ఉన్నాయి. 'రేపు రండి' అని పిలిచి తాళం వేసుకుని వెళ్లిపోవడం, పనంతా అయ్యాక రేటు తగ్గించమనడం, చివరి బాకీ కోసం పది సార్లు తిప్పడం. పనికి వచ్చిన ఆడకూలీలని బాత్రూమ్ వాడుకోనివ్వని ఇళ్లూ ఉన్నాయి. మూడో అంతస్తు గోడకి రంగు వేసే కుర్రాడికి నడుముకి కట్టుకునే బెల్టు ఉందో లేదో ఎంతమంది అడుగుతున్నారు? అతను జారిపడితే ఒక కుటుంబం మొత్తం రోడ్డున పడుతుంది. బెల్టు లేకుండా ఎక్కనివ్వమని చెప్పడం మనకి ఒక్క మాటతో పోయే పని.

వాళ్లకి తెలియని విషయాలు కొన్ని మనం చెప్పొచ్చు. 18 నుంచి 60 ఏళ్ల వయసుండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పనులు చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదం జరిగితే కుటుంబానికి కొంత ఆసరా దొరుకుతుంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, తాపీ పని కూడా ఉన్నాయి. శిక్షణ, పనిముట్లకి 15 వేల రూపాయల సాయం, రెండు విడతలుగా 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం అందులో భాగం. ఇంటికొచ్చిన మేస్త్రీకి టీ ఇస్తూ ఈ నాలుగు మాటలూ చెప్పినా మేలు చేసినట్టే.

పని నచ్చిన మనిషిని పోగొట్టుకోకుండా ఉండాలంటే పెద్ద కష్టమేమీ లేదు. ఒప్పుకున్న డబ్బు ఆ రోజే ఇవ్వాలి. మరో ఇద్దరికి ఆయన నంబరు చెప్పాలి. ఇబ్బంది వచ్చినప్పుడే కాకుండా ఏడాదికోసారి, వానలకి ముందు ఏప్రిల్లోనో మేలోనో పిలిచి డాబా, పైపులు, స్విచ్ బోర్డులు చూపించాలి. ఆ చూసినందుకూ డబ్బివ్వాలి. అలాంటి ఇల్లు మేస్త్రీకి గుర్తుండిపోతుంది. జులైలో అర్ధరాత్రి సీలింగు నుంచి నీళ్లు కారుతుంటే వచ్చే నలభై ఫోన్లలో ముందుగా ఎవరింటికి వెళ్లాలో ఆయనే తేల్చుకుంటాడు.